తూము నీళ్ళ లెక్క

చెరువు నిండితే ఊరంతా సంతోషమే. తగాదాలు వచ్చేది నీళ్ళు తగ్గేటప్పుడే.

"చెరువు నిండుగా ఉన్నప్పుడు మా బావకు రెండు గంటలు ఇచ్చావు. ఆయన మడి నిండింది. ఇవాళ నాకూ రెండు గంటలే ఇచ్చావు. నా మడి సగం కూడా తడవలేదు. తూము సరిగా ఎత్తలేదా?" అని చివరి వంతు రైతు నీరటికాణ్ణి అడుగుతాడు.

"పూర్తిగానే ఎత్తాను గదన్నా!" అంటాడు నీరటికాడు.

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. గంటలు సమానమే. కాని నీళ్ళు సమానం కాదు. ఎందుకని?

నీళ్ళను తోసేది ఎవరు?

తూముకు ఒక కన్నం ఉంటుంది. ఆ కన్నం మీద నిలిచిన నీటి బరువే నీళ్ళను బయటికి తోస్తుంది. నీటి ఎత్తు ఎక్కువైతే తోపు ఎక్కువ. అప్పుడు నీళ్ళు దూసుకు వస్తాయి. ఎత్తు తగ్గితే తోపు తగ్గుతుంది. అప్పుడు నీళ్ళు నెమ్మదిగా వస్తాయి.

చెరువు ఎంత వెడల్పు అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. పది ఎకరాల చెరువైనా, వంద ఎకరాల చెరువైనా, కన్నం మీద నీటి ఎత్తు ఒకటే అయితే నీరు వచ్చే వేగం ఒకటే.

వేగం ఎంత?

ఇటలీ దేశంలో టారిసెల్లి అనే శాస్త్రజ్ఞుడు ఈ లెక్క తేల్చాడు. 1644లో దాన్ని పుస్తకంగా అచ్చు వేయించాడు. ఆ లెక్క ఇదీ.

ముందు కన్నం నడిమి నుంచి నీటి పైమట్టం దాకా ఎన్ని అడుగులో చూడాలి. 9 అడుగులు ఉందనుకోండి. ఏ అంకెను అదే అంకెతో గుణిస్తే 9 వస్తుంది? మూడు మూళ్ళు తొమ్మిది. కాబట్టి 3. దీన్నే వర్గమూలం అంటారు. ఆ 3ను 8తో గుణిస్తే 24. అంటే నీరు సెకనుకు సుమారు 24 అడుగుల వేగంతో వస్తుంది.

నీళ్ళు 4 అడుగులకు తగ్గితే? రెండు రెళ్ళు నాలుగు. 2ను 8తో గుణిస్తే 16 అడుగుల వేగం. ఒక్క అడుగే మిగిలితే 8 అడుగుల వేగం.

చూశారా? ఎత్తు 9 నుంచి 1కి పడిపోయింది. వేగం మాత్రం మూడో వంతుకు తగ్గింది.

నీళ్ళు ఎన్ని?

వేగాన్ని కన్నం వైశాల్యంతో గుణించాలి. కన్నం 6 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు ఉందనుకోండి. అది చదరపు అడుగులో నాలుగో వంతు. 24లో నాలుగో వంతు 6. కాని కన్నం దాటగానే నీటిధార సన్నబడుతుంది. అందుచేత నిజంగా వచ్చేది పదింట సుమారు ఆరు వంతులే. అంటే సెకనుకు 3.6 ఘనపు అడుగులు. ఒక ఘనపు అడుగు సుమారు 28 లీటర్లు. కాబట్టి సెకనుకు సుమారు 100 లీటర్లు వస్తాయి.

ఇదే తూములో నీటి ఎత్తు 4 అడుగులు ఉన్నప్పుడు సుమారు 67 లీటర్లు వస్తాయి. ఒక అడుగు ఉన్నప్పుడు సుమారు 34 లీటర్లే వస్తాయి.

వంతులు ఎలా వేయాలి?

అందరికీ రెండేసి గంటలు ఇస్తే చివరి రైతుకు మూడో వంతు నీళ్ళే దక్కుతాయి. అందరికీ సమానంగా రావాలంటే గంటలు మార్చాలి.

9 అడుగులు ఉంటే 2 గంటలు.
4 అడుగులు ఉంటే 3 గంటలు.
1 అడుగు ఉంటే 6 గంటలు.

అప్పుడు ముగ్గురికీ తూము దగ్గర ఒకే నీరు అందుతుంది. ఇంకో మాట. నీళ్ళు సన్నగా వచ్చినప్పుడు కాలువలోనే ఎక్కువ వంతు ఇంకిపోతుంది. కాబట్టి దూరపు మడికి మరికొంత సమయం కలపాలి.

కన్నం పెద్దది చేస్తే?

కొందరు నీళ్ళు చాలడం లేదని తూము కన్నాన్ని పగలగొడతారు. 6 అంగుళాల కన్నాన్ని పొడవులో, వెడల్పులో 12 అంగుళాలు చేశారనుకోండి. నీళ్ళు రెండింతలు రావు. నాలుగింతలు వస్తాయి. నాలుగు నెలలు రావలసిన నీరు నెలలోనే పోతుంది. పైరు పొట్ట మీద ఉన్నప్పుడు చెరువు ఎండుతుంది.

పెద్దలకు తెలిసిన విద్య

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు ఏమేమి ఉండాలో అందులో పన్నెండు చెప్పారు. నీటి శాస్త్రం తెలిసిన మనిషి ఉండాలన్నది వాటిలో ఒకటి. కట్ట, రాయి ఉంటే చాలదు, లెక్క తెలిసిన మనిషి కూడా కావాలని ఆనాడే గుర్తించారు.

చేసి చూడండి

ఒక ప్లాస్టిక్ సీసా మెడ కోసేయండి. గోడ నిలువుగా ఉన్న సీసా అయితే మంచిది. అడుగున మేకుతో కన్నం పెట్టండి. సరిగ్గా సగం ఎత్తు దగ్గర గీత గీయండి. నీళ్ళు నిండా పోసి, పై సగం ఎంతసేపట్లో పోయిందో, కింది సగం ఎంతసేపట్లో పోయిందో చూడండి. మొత్తం పది నిమిషాలు పడితే, పై సగానికి మూడు నిమిషాలు, కింది సగానికి ఏడు నిమిషాలు పడతాయి. నీళ్ళు అవే. కన్నం అదే. తగ్గింది ఎత్తు.

తూము దగ్గర ఒక రాయి పాతి అడుగుల గుర్తులు పెట్టుకోవచ్చు. ఎన్ని అడుగులకు ఎన్ని గంటలో పక్కనే పలక మీద రాసుకోవచ్చు. చదవడం వచ్చిన ప్రతి రైతూ తన వంతును తానే సరిచూసుకుంటాడు. నీరటికాడి మీద నింద పడదు. చివరి మడి ఎండదు.