మన బుజ్జి కుక్క తినకూడనిది తింటే?

ఈ సంచికకు ఏదైనా వ్రాయమని అడిగినప్పుడు, మేము ఇంజనీర్లం కాబట్టి కంప్యూటర్ల గురించి వ్రాస్తామని అందరూ అనుకున్నారు. కానీ మా ఇంట్లో జరిగిన ఒక సంఘటన నలుగురికీ చెబితే ఉపయోగం అనిపించింది. మేము పశువైద్యులం కాము. పొరపాటు చేసి, నేర్చుకున్నవాళ్ళం మాత్రమే.

ఉమ్ ఘువైలినాలోని మా ఫ్లాటులో మేము నలుగురం, మాతో పాటు బన్నీ అనే అయిదు కిలోల షిట్జూ కుక్క ఉంటాం. ఖతార్‌లో ఉగాదికి సెలవు ఉండదు కదా, ఆ ఏడు కూడా ఆఫీసు నుంచి వచ్చాకే పండుగ వంట మొదలుపెట్టాం. పచ్చడికీ పులిహోరకీ కలిపి రెండు నిమ్మకాయలంత చింతపండు నానబెట్టి, గిన్నెను చిన్న స్టూలు మీద పెట్టాం. ఇంతలో ఊరి నుంచి ఫోను వచ్చింది. మాటల్లో అరగంట గడిచిపోయింది.

ఆ అరగంటలో బన్నీ చింతపండు తినేసింది. ఎనిమిదేళ్ళ మా అబ్బాయి అది చూశాడు. స్టూలు జరిపింది తనే. తిడతామని భయపడి, నేల తుడిచి, గిన్నె సింకులో వేసి ఊరుకున్నాడు. గంటన్నర తరువాత బన్నీ గోధుమరంగు వాంతి చేసుకుంది. అప్పుడు అడిగితే ఏడుస్తూ చెప్పాడు.

మేమేం చేశామో తెలుసా? నవ్వాం! "చింతపండేగా, మనం రోజూ తినేదే, ఏమవుతుంది?" అనుకున్నాం. కాస్త పెరుగన్నం పెట్టబోయాం. ఎందుకైనా మంచిదని ఒక పశువైద్యుడికి ఫోను చేస్తే, ఆయన మూడే ప్రశ్నలు అడిగారు. ఏం తిన్నది? ఎంత తిన్నది? ఎప్పుడు తిన్నది? జవాబు వినగానే "వెంటనే తీసుకురండి" అన్నారు. ఇంజక్షను ఇచ్చి మిగిలినది కక్కించారు. రెండు రోజులు సెలైన్ పెట్టారు. మూడు రోజులు వరుసగా రక్తపరీక్ష చేసి కిడ్నీలు ఎలా ఉన్నాయో చూశారు. మా అదృష్టం, బన్నీ కోలుకుంది. ఆ మూడు రాత్రులూ మా అబ్బాయి "నా వల్లేనా నాన్నా?" అని అడుగుతూనే ఉన్నాడు.

చింతపండు విషమా?

మనకు కాదు, కుక్కలకు అవును. ద్రాక్షపళ్ళు, ఎండుద్రాక్ష తిన్న కొన్ని కుక్కలకు కిడ్నీలు పాడవుతాయని పశువైద్యులకు చాలా ఏళ్ళుగా తెలుసు. ఎందుకన్నది మాత్రం అంతు చిక్కలేదు. అమెరికాలోని ఒక జంతు విషచికిత్సా కేంద్రానికి వచ్చిన ఒక కేసులో, పిల్లలు ఆడుకోవడానికి ఇంట్లో చేసిన పిండిముద్ద తిని ఒక కుక్కకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ పిండిలో "క్రీమ్ ఆఫ్ టార్టార్" అనే పొడి ఉంది. అందులోనూ ద్రాక్షలోనూ ఉన్నది ఒకటే, టార్టారిక్ ఆమ్లం. డాక్టర్ కొలెట్ వెగెనాస్ట్, ఆమె సహచరులు 2021లో ఈ సంగతి బయటపెట్టారు. 2022లో ప్రచురించిన మరో వ్యాసంలో చింతపండు తిని జబ్బుపడిన కుక్కల గురించి కూడా వ్రాశారు. మన చింతపండు పులుపుకు కారణం కూడా ఈ ఆమ్లమే!

మొదటి రోజు వాంతులు అవుతాయి. తరువాత కుక్క బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు. ఒకటి నుంచి మూడు రోజుల్లో కిడ్నీలు దెబ్బతింటాయి. అందుకే "ఇప్పుడు ఆడుకుంటోంది కదా" అని ఊరుకోకూడదు. పాయసంలో వేసే కిస్‌మిస్ విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఇన్ని తింటే పరవాలేదు అని చెప్పే లెక్క లేదు.

చిన్న కుక్కకు ప్రమాదం ఎందుకు ఎక్కువ?

పిల్లలూ, ఇక్కడ ఒక చిన్న లెక్క. నాన్న బరువు 60 కిలోలు, బన్నీ 5 కిలోలు. 60ని 5తో భాగిస్తే 12. అంటే బన్నీ ఒక ముక్క తింటే, నాన్న పన్నెండు ముక్కలు తిన్నట్టు.

చాక్లెట్‌లో థియోబ్రోమిన్ అనే పదార్థం ఉంటుంది. మన ఒంట్లోంచి అది త్వరగా పోతుంది. కుక్క ఒంట్లో సగం తగ్గడానికే దాదాపు 17 గంటలు పడుతుంది. కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు చేరితే వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. 40 దాటితే గుండె దడ. 60 దాటితే ఫిట్స్ రావచ్చు. 100 గ్రాముల నల్ల చాక్లెట్‌లో సుమారు 500 మిల్లీగ్రాములు ఉంటుంది. అయిదు కిలోల కుక్క అది మొత్తం తింటే కిలోకు 100! పాల చాక్లెట్‌లో సగం కంటే తక్కువే ఉంటుంది గానీ, చిన్న కుక్కకు అదీ ఎక్కువే. కోకో పొడి అన్నిటికంటే ఘాటైనది.

మన ఇంట్లో ఇంకేం ఉన్నాయి?

ఉల్లి, వెల్లుల్లి: పచ్చివైనా, వండినవైనా, పొడి చేసినవైనా కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. లక్షణాలు కొన్ని రోజుల తరువాత బయటపడతాయి. నీరసం, పాలిపోయిన చిగుళ్ళు, ముదురు రంగు మూత్రం కనిపిస్తాయి. కాబట్టి మిగిలిన సాంబారన్నం, కూరన్నం కుక్కకు పెట్టే అలవాటు మానుకుందాం.

జైలిటాల్: చక్కెర లేని చూయింగ్ గమ్‌లో, కొన్ని టూత్‌పేస్టుల్లో ఉండే తీపి పదార్థం. ఇది కుక్క ఒంట్లో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా పెంచుతుంది. అరగంటలోనే రక్తంలో చక్కెర పడిపోయి, తూలి పడిపోవచ్చు. కిలోకు 0.1 గ్రాము చాలు. చిన్న కుక్కకు ఒకటి రెండు గమ్‌లే ప్రమాదం.

మందు బిళ్ళలు: జ్వరానికీ నొప్పులకూ మనం వేసుకునే పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ కుక్కకు వేయకూడదు. మొదటిది కాలేయాన్ని, రెండోది కడుపును, కిడ్నీలను దెబ్బతీస్తాయి.

కర్పూరం, కలరా ఉండలు: దేవుడి గూట్లో ఒకటి, బీరువాలో ఒకటి. కర్పూరం తిన్న కుక్కకు కాసేపట్లోనే ఫిట్స్ రావచ్చు.

బటన్ బ్యాటరీలు: బొమ్మల్లో, రిమోట్లలో ఉండే ఈ చిన్న బిళ్ళలు గొంతులో ఇరుక్కుంటే గంటలోపే కాల్చేస్తాయి.

గింజలు, టెంకలు, దారాలు: ఖర్జూరపు గింజ, మామిడి టెంక, సాక్సు ఇవి విషం కాకపోయినా చిన్న కుక్క పేగుకు అడ్డుపడతాయి. నోట్లోంచి గానీ వెనుక నుంచి గానీ దారం వేలాడుతుంటే లాగకండి. లోపల పేగు కోసుకుపోవచ్చు.

నల్లులకూ బొద్దింకలకూ పెట్టే గ్యాస్ బిళ్ళలు: మన ఊళ్ళలో ధాన్యం నిల్వకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ ఇదే. వీటిని ఇంట్లోకి అసలు తేవద్దు. తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. కుక్కకే కాదు, పక్క ఫ్లాటు పిల్లలకూ ప్రాణాంతకం. కుక్క ఇవి తిన్నదని అనుమానం వస్తే అన్నం పెట్టకండి. దాని వాంతి నుంచి కూడా వాయువు రావచ్చు, వాసన చూడకుండా అందరూ గాలి తగిలే చోటికి వెళ్ళండి. ఇంట్లో మనుషులెవరికైనా తల తిరిగినా, ఊపిరాడకపోయినా 999కి ఫోను చేయండి.

వెంటనే ఏం చేయాలి?

1. మిగిలినది కుక్కకు అందకుండా తీసేయండి. నోట్లో ఏదైనా కనిపిస్తే జాగ్రత్తగా తీయండి.

2. ఏం తిన్నది, ఎంత, ఎప్పుడు అన్నది కాగితం మీద వ్రాయండి. డబ్బాలో మొదట ఎన్ని ఉన్నాయి, ఇప్పుడెన్ని ఉన్నాయి లెక్కపెట్టండి. ఆఫీసులో సర్వరు పడిపోతే మేము ముందు అడిగేది కూడా "ఏం మారింది, ఎప్పుడు మారింది" అనే. ఊహించడం తరువాత.

3. లక్షణాల కోసం ఎదురుచూడకుండా పశువైద్యుడికి ఫోను చేయండి. కుక్క బరువు చెప్పండి. కడుపులోంచి కక్కించే మందు సాధారణంగా మొదటి ఒకటి రెండు గంటల్లోనే బాగా పనిచేస్తుంది.

4. రేపర్, సీసా, వాంతి ఫోటో తీసుకుని బయలుదేరండి. గ్యాస్ బిళ్ళలైతే మాత్రం ఫోటో కోసం వాంతి దగ్గరకు వెళ్ళవద్దు. ఎండాకాలంలో ముందు కారు ఏసీ వేసి, తరువాత కుక్కను ఎక్కించండి.

గొంతులో ఇరుక్కుని ఊపిరాడకపోతే దారిలో సమయం ఉండదు. నోరు తెరిచి చూడండి. వస్తువు కంటికి కనిపిస్తేనే తీయండి. కనబడకుండా వేలు పెట్టి కెలికితే ఇంకా లోపలికి పోతుంది. చిన్న కుక్కను తల కిందికి ఉండేలా పట్టుకుని, భుజాల మధ్య అరచేత్తో గట్టిగా తట్టండి. బయటికి వచ్చినా డాక్టరుకు ఒకసారి చూపించండి.

ఏం చేయకూడదు?

ఉప్పునీళ్ళు తాగించి కక్కించడం మన పెద్దలు చెప్పే చిట్కా. కుక్కకు అలా చేస్తే ఒంట్లో ఉప్పు పెరిగి అదే ప్రాణం తీయవచ్చు. నూనె, పాలు, నిమ్మరసం కూడా వద్దు. గొంతులో వేలు పెట్టవద్దు. బాత్రూం క్లీనరు, కిరోసిన్, బ్యాటరీ, పదునైన వస్తువు మింగితే అసలు కక్కించకూడదు. పోయినదారినే తిరిగి వస్తూ మళ్ళీ గాయం చేస్తాయి. మత్తుగా ఉన్న కుక్కను, ఫిట్స్ వచ్చిన కుక్కను కూడా అంతే. షిట్జూ, పగ్ లాంటి చప్పిడిముక్కు కుక్కలకు వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఇంకా ఎక్కువ. ఆ పని డాక్టరుకే వదిలేద్దాం.

ముందు జాగ్రత్త

చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. ఈ వారమే మూడు పనులు చేయండి. మీ పశువైద్యుడి నంబరు, రాత్రివేళ, శుక్రవారం ఉదయం తెరిచి ఉండే క్లినిక్ నంబరు కనుక్కుని ఫ్రిజ్ మీద అంటించండి. కుక్క బరువు కూడా అక్కడే వ్రాయండి. కుక్కను తీసుకువెళ్ళే బుట్ట తలుపు దగ్గరే ఉంచండి. ప్రతి టాక్సీ కుక్కను ఎక్కించుకోదు, కారున్న స్నేహితుల్లో ఒకరిని ముందే అడిగి పెట్టుకోండి.

పిల్లలూ, చివరగా మీకు ఒక మాట. కుక్కకు మాటలు రావు. అది ఏం తిన్నదో చెప్పగలిగేది మీరే. తప్పు మీదైనా సరే, చూసిన వెంటనే అమ్మకో నాన్నకో చెప్పండి.

తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. పిల్లవాడు వచ్చి చెప్పినప్పుడు ముందు కుక్కను చూడండి, మందలింపు తరువాత చూసుకోవచ్చు. ఆ రోజు మా అబ్బాయి దాచిన గంటన్నరకు కారణం వాడు కాదు, మా కోపం మీద వాడికున్న భయం. ఇప్పుడు మా ఇంట్లో ఒక నియమం ఉంది: బన్నీ గురించి నిజం చెప్పినవాళ్ళను ఎవరూ తిట్టకూడదు. ఈ ఉగాదికి చింతపండు గిన్నెను అందరికంటే ఎత్తున ఉన్న అరలో పెట్టింది మా అబ్బాయే, కుర్చీ ఎక్కి మరీ!