బాష్పోత్సేకం: ఒరిగిన చెట్టుకు కొమ్మలు నరకడం ఎందుకు?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. నగరంలో లెక్కలేనన్ని చెట్లు కూలాయి. నిలిచినవాటిలో చాలావరకు ఆకులు లేని మోడులే. వేళ్లతో సహా ఒరిగిన చెట్టును లేవనెత్తి మళ్లీ నాటేటప్పుడు, మిగిలిన పచ్చని కొమ్మలను కూడా ముందుగా నరికేస్తారు. చూసేవారికి ఇది ప్రాణం తీయడంలాగే అనిపిస్తుంది. కాని చెట్టు బతకడానికి అదే ఆధారం.

మొక్కకు నీటిని అందించేవి లావుపాటి వేళ్లు కావు, వాటి చివర్లలోని సన్నని పిల్లవేళ్లు, మూలకేశాలు. చెట్టు ఒరిగినప్పుడు మొదట తెగేవి అవే. అంటే నీటి రాబడి పడిపోతుంది, ఖర్చు మాత్రం ఆగదు. వేళ్లు శోషించిన నీటిలో 95 శాతానికి పైగా ఆవిరిగా గాలిలో కలుస్తుంది. దీన్నే బాష్పోత్సేకం అంటారు.

ఈ ఖర్చులో అధిక భాగం పత్రరంధ్రాల ద్వారానే జరుగుతుంది. ఒక్కొక్క రంధ్రానికి ఇరువైపులా రెండు రక్షక కణాలుంటాయి. అవి నీటితో ఉబ్బితే రంధ్రం తెరుచుకొంటుంది, సడలితే మూసుకొంటుంది. ఎప్పుడూ మూసి ఉంచితే సరిపోదా అని మీకు సందేహం రావచ్చు. ఆహారం తయారీకి కార్బన్ డై ఆక్సైడ్ రావలసింది కూడా ఆ దారినే. పైగా రంధ్రాలు మూసుకొన్నా, ఆకును కప్పిన మైనపు పొర అవభాసిని గుండా కొంత నీరు పోతూనే ఉంటుంది. కాండం బెరడుపై చిన్న పొక్కుల్లా కనిపించే లెంటిసెల్‌ల ద్వారా పోయేది చాలా స్వల్పం, మొత్తంలో సుమారు 0.1 శాతం.

ఆకులు అలాగే ఉంచితే ఏమవుతుంది? అవి పైనుంచి లాగుతూ ఉంటాయి, కింద నీరు అందదు. దారునాళాల్లోని నీటి స్తంభం తెగి, మధ్యలో గాలి బుడగలు చేరతాయి. ఆ తరువాత మొదట్లో బిందెలతో పోసినా, ఆ నాళాల గుండా నీరు పైకి ఎక్కడం కష్టం. కొమ్మలు నరికితే ఖర్చు తగ్గి, కొత్త వేళ్లు పుట్టేదాకా చెట్టుకు గడువు దొరుకుతుంది.

కాండం నుంచి నీరు పోవడం స్వల్పమన్నాం. దీనికి మన తీరంలోనే ఒక మినహాయింపు ఉంది. అది సరుగుడు. దాని సూదులను అందరూ ఆకులే అనుకొంటారు. నిజానికి అవి పచ్చని సన్నని కాండాలు. పత్రరంధ్రాలు వాటి నిలువు గాళ్లలో, నూగు మాటున దాగి ఉంటాయి. అందువల్ల సముద్రపు గాలి వాటికి నేరుగా తగలదు.

అభ్యాసం: సరుగుడు సూదిని ఒక కణుపు దగ్గర లాగి విడదీయండి. భూతద్దంతో చూస్తే కణుపు చుట్టూ చిన్న పళ్లలాంటి పొలుసులు కనిపిస్తాయి. అసలు ఆకులు అవే. ఎన్ని ఉన్నాయో లెక్కించి, బొమ్మ గీయండి.