పూటకూటి ఇంట పులుసు చట్టి

అన్నాన్ని అమ్మరాదన్నది మన పెద్దల సంస్కారం. ఆకలిగొన్నవానికి పెట్టవలసినదానికి వెల కట్టడం వారికి రోతగా తోచినది. అయినా అన్నం అమ్మిన ఇల్లు మన సాహిత్యానికి కొత్తది కాదు. క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగంటి వీధులు చూస్తూ తిరిగే సందర్భంలో లక్ష్మణవజ్ఝల వారి పూటకూటి ఇంటి ప్రసక్తి వస్తుంది. అక్కడ ఒక్క రూకకు దొరికే భోజనంలో సన్నబియ్యపుటన్నం, గోధుమపిండివంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు, అన్నీ ఉన్నవి. వెల ముందుగా తెలిసి, వడ్డించేది ఇదీ అని ఖాయమైన ఆ ఏర్పాటు ఈనాటి భోజన హోటలుకు పూర్వరూపమే గదా!

కన్యాశుల్కంలోని పూటకూళ్ళమ్మను ఎరుగని విద్యార్థి ఉండడు. కాని తరగతిగదిలో ఆమె చీపురుకట్ట ఎత్తిన హాస్యపాత్రగానే మిగిలిపోయినది. గిరీశం కాజేసినది ఆమె సొమ్ము. ఆ సొమ్ము ఆమె పొయ్యి ముందు కూర్చుండి, పూటపూటకూ పదిమందికి వండి సంపాదించినది. భర్త పోయిన స్త్రీకి పుట్టింటి పంచ, అత్తింటి చాకిరీ తప్ప వేరు దారి కనబడని రోజులలో ఎవరి చేతికిందా ఉండకుండా బ్రతుకుటకు మిగిలిన కొద్ది వృత్తులలో ఇది ఒకటి. అన్నవిక్రయం దోషమన్న సమాజమే ఆమె వంట తిని, ఆమెను చులకన చేసినది. ఈ అన్యాయం గురజాడవారి నాటకంలో నవ్వుల మధ్య నుండి తొంగిచూస్తూనే ఉన్నది.

నెల్లూరు వంటి జిల్లా కేంద్రంలో ఇటువంటి ఇంటి అవసరం సామాన్యమైనది కాదు. కోర్టు వ్యాజ్యానికి పల్లెనుండి వచ్చిన రైతూ, తాలూకా కచేరీలో పని తెమలని కరణమూ, చదువుకు వచ్చిన పిల్లలూ ఎక్కడ తినాలి? బీద విద్యార్థి వారాలు చేసుకొనేవాడు. సోమవారం ఒకరింట, మంగళవారం మరొకరింట. ఆ అన్నం ఉచితమే కాని, ఏ ఇంటివారి ముఖం ఎలా ఉన్నదో చూచుకొంటూ తినవలసిన అన్నం. పూటకూటి ఇంట డబ్బు చెల్లించినవాడు తలయెత్తి "ఇంకొంచెం వడ్డించండమ్మా" అనగలడు. అమ్మిన అన్నానికి ఈ గౌరవం ఉన్నదని ఒప్పుకొనక తప్పదు.

ఈ సీమ వంటకు రెండు ఆధారాలు. ఒకటి పెన్న నీటికి పండే వడ్లు. రెండవది తూర్పున మైపాడు, కృష్ణపట్నం తీరాలనుండి, దక్షిణాన పులికాటు సరస్సునుండి వచ్చే చేప. నెల్లూరు మొలగొలుకుల పేరు ఒకప్పుడు మదరాసులోనూ మారుమ్రోగినది. పొలంలో దీర్ఘకాలం నిలిచే ఆ పంటకు నీరూ కావాలి, ఓపికా కావాలి. త్వరగా కోతకు వచ్చే వంగడాలు దానిని చాలావరకు తొలగించినవి. స్థానిక వ్యవసాయ పరిశోధనా స్థానం నుండి వచ్చిన నెల్లూరు మసూరి, అనగా ఎన్.ఎల్.ఆర్. 34449, ఈనాడు బహుళ ప్రచారంలో ఉన్నది. తాతలనాటి విస్తరి మీది అన్నమూ, నేటి అన్నమూ ఒకటి కావు.

తిక్కన సోమయాజి నెల్లూరివాడు. ఆయన భారతం విరాటపర్వంతో ఆరంభమవుతుంది. అందులో భీముడు వలలుడై వంటశాలలో గరిటె పట్టినవాడు. నెల్లూరివారు తమ వంటకు దీనినే ప్రమాణంగా ఎందుకు ఎత్తి చూపరో!

చేపల పులుసు మాత్రం భీమసేనుని వద్ద నేర్చినది కాదు, ఇల్లాండ్ర చేతులలో పెరిగినది. అది మట్టిచట్టిలోనే రుచి. చింతపండు పులుపు కళాయి లేని ఇత్తడిలో చిలుము పుట్టిస్తుంది, మట్టిని ఏమీ చేయలేదు. పైగా మట్టి మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారుతుంది. ముక్కలు వేసిన తరువాత గరిటె పెట్టరు. గుడ్డతో చట్టి అంచులు పట్టి ఒకసారి అటూ ఇటూ ఆడిస్తారు. గరిటె తగిలితే ముక్క చిదిరిపోతుంది. వేసవిలో పుల్లమామిడి ముక్కలు పడితే దాని సంగతే వేరు. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. తూర్పుతీరంలో చేపలు గ్రుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు, యంత్రపు పడవలను సముద్రం మీదికి పోనివ్వరు. మామిడికాయ విరివిగా దొరికే రోజులలో వంజరం, చందువ అరుదవుతవి. అప్పుడు చెరువులలోని కొరమీను, బొచ్చె చట్టి నింపుతవి.

వీధి లోపలి చిన్న మెస్సులలో మధ్యాహ్నం వేళ వరుసగా విస్తళ్ళు పరచి ఉంటవి. వచ్చినవాడు నీళ్ళు చిలకరించి ఆకు తుడుచుకొంటాడు. పప్పు, వేపుడు, పచ్చడి, ఆ తరువాత నూనె తేలిన పులుసు, చారు, చివరకు మజ్జిగ. వడ్డించేవారి కన్ను ఆకు మీదనే ఉంటుంది. అన్నం తరుగుతున్నదా, పులుసు మిగిలి అన్నం చాలలేదా అన్నది నోరు తెరచి అడగకముందే వారికి తెలుస్తుంది.

ఈ వరుసలో కూర్చుండే హక్కు అందరికీ ఎప్పుడూ లేదు. కులం పేరు పలకమీద వ్రాసిన భోజనశాలలు తెలుగునాట ఉండేవి. చేతిలో పైకం ఉన్నా కొందరు గడప బయటనే నిలువవలసి వచ్చేది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణలో హోటళ్ళ పేరెత్తి మరీ ఈ నిషేధాన్ని కొట్టివేసినది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం దానికి శిక్ష విధించినది. చట్టం వచ్చిన మరునాడే పంక్తి కలిసినదని కాదు. అయినా ధర్మసత్రాలు పాటించిన భేదాన్ని డబ్బు తీసుకొనే ఇల్లు పాటించడం ఒకనాటికి కష్టమైనది. వెల కట్టిన అన్నం చేసిన ఈ ఉపకారాన్ని మన పెద్దలు ఊహించి ఉండరు.

ఇప్పుడు వీధివీధికీ కర్రీ పాయింటు వెలిసినది. అన్నం ఇంట వండుకొని, కూరా పులుసూ సంచులలో కట్టించుకొని పోతారు. ఉద్యోగాలకు పోయే దంపతులకు ఇది గొప్ప సదుపాయమే, కాదనరాదు. కాని అక్కడ ఆకూ లేదు, ఆకు మీది కన్నూ లేదు. ఇంకొంచెం అనడానికి ఎదుట ఎవరూ ఉండరు.

చేపల పులుసు మరునాటికి ఎక్కువ రుచి అని తీరవాసులు గట్టిగా నమ్ముతారు. రాత్రంతా పులుపు ముక్కలోనికి దిగుతుంది గనుక ఆ నమ్మకంలో నిజం లేకపోలేదు. చద్దన్నంలోకి, ఇప్పుడు ఇడ్డెనులలోకి కూడా, నిన్నటి పులుసునే వెదకి తింటారు. అందుచేత మధ్యాహ్నపు పంక్తి లేచి విస్తళ్ళు ఎత్తిన తరువాత, వండిన ఆమె ఒక మూల కూర్చుండి మజ్జిగ అన్నంతో సరిపెట్టుకొంటుంది. చట్టి అడుగున మిగిలిన రెండు ముక్కలూ మూతపెట్టి పొద్దున వచ్చేవారి కోసం ఉంచుతుంది.