జింకల వేటకి సీజన్ ఎప్పుడు?

ఆబిడ్స్ ఆదివారం బజార్లో పాత షికారు పుస్తకం కొన్న మా రూమ్మేట్ ప్రశ్న ఇది. అమెరికాలో సీజన్ ఉంది. లైసెన్సుంటే చాలాచోట్ల ప్రభుత్వ అడవుల్లోనే వేటాడొచ్చు. మన దగ్గర 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు ఆ మాటే లేదు. కృష్ణజింకని చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. మాంసం దగ్గరున్నా నేరమే. సెలవులకి ఊరెళ్తే ఎవరైనా ‘అడవి కూర’ అని పిలుస్తారు, జాగ్రత్త!

ట్రిప్ మాత్రం మానక్కర్లేదు. నాంపల్లిలో మెట్రో ఎక్కితే నేరుగా ఎల్బీనగర్. అక్కణ్ణుంచి ఆటోలో వనస్థలిపురం, హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాం వేటాడిన చోటే, ఇప్పుడు నేషనల్ పార్క్. గేటు తియ్యగానే వెళ్లండి. ఎండెక్కితే జింకలు నీడకి పోతాయి. బ్లూటూత్ స్పీకర్ హాస్టల్లోనే వదిలెయ్యండి. నల్లటి వీపు, మెలితిరిగిన కొమ్ములు కనిపిస్తే అది మగ కృష్ణజింక.