పతకంలో ఏముంది?

పిల్లలూ, ఒలింపిక్ క్రీడల్లో మొదట వచ్చినవారికి బంగారు పతకం ఇస్తారని మీకందరికీ తెలుసు. మరి ఆ పతకమంతా బంగారమేనా? కాదు. నేటి నియమం ప్రకారం అది వెండితో చేసినది. ఆ వెండి నూటికి 92.5 పాళ్లకు తగ్గని స్వచ్ఛత గలదై ఉండాలి. పైపూతగా వేసే బంగారం 6 గ్రాములకు తగ్గకూడదు. 6 గ్రాములంటే సుమారు అర తులం. అమ్మ మెడలోని గొలుసులో అంతకన్న ఎక్కువే ఉండవచ్చు! ఆ అర తులం కోసమేనా, క్రీడాకారులు ఏళ్ల తరబడి మంచులో పడుతూ లేస్తూ సాధన చేసేది? పతకంలో ఇంకేదో ఉండాలి గదా! అదేమిటో చూద్దాం.

శీతకాలపు ఒలింపిక్ క్రీడలు 1924లో ఫ్రాన్సు దేశంలోని షమోనీలో మొదలైనాయి. అది ఆల్ప్స్ పర్వతాల ఒడిలో ఉన్న ఊరు. కాళ్లకు కట్టుకొని మంచుమీద జారే పొడుగాటి పలకలను స్కీలు అంటారు. అడుగున ఉక్కు అంచు గల జోళ్లను స్కేట్లు అంటారు. ఆనాటి పతకం మీద రౌల్ బెనార్ అనే శిల్పి ఒక క్రీడాకారుణ్ణి చెక్కాడు. అతడు చేతులు బారచాచి, ఒక చేత స్కేట్లు, మరొక చేత స్కీలు పట్టుకొని నిలుచున్నాడు. వెనుక ఆల్ప్స్ శిఖరాలు కనిపిస్తాయి.

వేసవి ఒలింపిక్ పతకాల మీద 1928 నుంచి విజయదేవత బొమ్మ ఆనవాయితీగా వస్తున్నది. శీతకాలపు పతకాలకు అట్లాంటి కట్టుబాటు లేదు. క్రీడలు జరిపే దేశం తన పతకాన్ని తనకు నచ్చినట్లు చేయించుకోవచ్చు. అందుచేత ఒక్కొక్క దేశం తన నేలనో, తన పనివాళ్ల నేర్పునో పతకంలో పెట్టి ఇవ్వసాగింది.

1992లో ఫ్రాన్సులోని ఆల్బర్‌విల్‌లో క్రీడలు జరిగినప్పుడు, గాజుపనికి పేరుపొందిన లాలిక్ సంస్థ వారు పతకాలలో స్ఫటికంవంటి గాజును పొదిగారు. ఆ గాజుమీద కొండల బొమ్మ ఉన్నది. 1994లో నార్వేలోని లిల్లెహామర్ వారు రాతినే పతకం చేశారు! స్కీలతో దూకే పందానికి కొండవాలును తొలిచారు గదా. అక్కడ వచ్చిన రాతిని పారవేయక, పలుచగా కోసి, లోహంతో కలిపి పతకాలుగా మలిచారు. గెలిచినవాడు ఆ కొండముక్కను ఇంటికి తీసుకుపోయాడన్నమాట.

1998లో జపానులోని నాగనో వారు తమ ప్రాంతపు లక్కపనిని ఎన్నుకున్నారు. మన ఏటికొప్పాక బొమ్మల మీది లక్క పురుగుల నుంచి వస్తుంది. జపాను వారిది ఒక చెట్టు నుంచి కారే పాలు. దానిలో ఒక చిత్రం ఉన్నది. మన రంగులు పొడిగాలిలో త్వరగా ఆరుతాయి. ఆ చెట్టుపాలు గట్టిపడటానికి మాత్రం తేమ గల గాలి కావాలి. పాలలోని ఒక ఎంజైము గాలిలోని ఆమ్లజనితో కలిసి ఆ పని చేస్తుంది. అందుకని లక్క పూసిన వస్తువును తడి ఉండే పెట్టెలో పెట్టి ఆరబెడతారు! ఆ లక్కమీద బంగారు పొడితో ఉదయించే సూర్యుణ్ణి చిత్రించారు.

2006లో ఇటలీలోని టూరిన్ పతకం చూస్తే మీకు నవ్వు వస్తుంది. మన గారెకు ఉన్నట్లే దానికి నడుమ చిల్లు! ఇటలీ పట్టణాలలో ఇళ్ల నడుమ జనం చేరే ఖాళీ స్థలం ఉంటుంది. దానిని పియాజ్జా అంటారు. ఆ చిల్లు దానికి గుర్తు.

2010లో కెనడాలోని వాంకూవర్ వారి ఆలోచన మరీ ముచ్చటైనది. ఆ దేశపు ఆదివాసుల వంశంలో పుట్టిన కొరీన్ హంట్ అనే చిత్రకారిణి ఒర్కా అనే తిమింగలం బొమ్మ పెద్దదిగా గీసింది. ఒక్కొక్క పతకం మీద ఆ బొమ్మలో ఒక్కొక్క భాగం వేశారు. అందువల్ల ఏ రెండు పతకాలూ ఒకటిగా ఉండవు. పతకంతోపాటు పూర్తి బొమ్మ అచ్చు వేసిన పట్టు రుమాలు కూడా ఇచ్చారు. తన ముక్క ఎక్కడిదో గెలిచినవారు దానిలో వెతుక్కోవచ్చు. పైగా, పాడైపోయిన కంప్యూటర్లవంటి పరికరాల నుంచి తీసిన లోహం కూడా ఆ పతకాలలో కొంత కలిసి ఉన్నది.

ఇక మొదటి పతకం దగ్గరకు మళ్లీ వద్దాం. 1924లో షమోనీలో స్కీలతో దూకే పందెం జరిగింది. మూడవ స్థానం నార్వేవాడైన థోర్లైఫ్ హౌగ్‌కు వచ్చిందని ప్రకటించి, కంచు పతకం ఇచ్చారు. అమెరికా తరఫున దూకిన ఆండర్స్ హౌగెన్ నాలుగవవాడై వట్టి చేతులతో వెళ్లిపోయాడు. హౌగ్ 1934లో మరణించాడు. 50 ఏళ్లు గడిచాక పాత మార్కుల పట్టికను ఎవరో తిరిగి కూడి చూశారు. లెక్క తప్పు! మూడవవాడు హౌగెన్!

మార్కులు కూడటంలో ఒక్కసారైనా పొరపడని ఉపాధ్యాయుడు ఉండడు. నేనూ పొరపడ్డాను. పొరపాటు తెలిశాక ఏం చేశామన్నదే ముఖ్యం. 1974లో హౌగ్ కుమార్తె తన తండ్రి పతకాన్ని, అప్పటికి ఎనభై దాటిన హౌగెన్ చేతిలో పెట్టింది. కన్నతండ్రి గుర్తుగా ఇంట్లో దాచుకున్న వస్తువును ఇచ్చివేయటం తేలికైన పని కాదు. అయినా అది ఎవరి కష్టానికి చెందినదో వారికే చేరాలని ఆమె తలచింది.

ఆ కంచు బిళ్లను కంసాలి త్రాసులో వేస్తే ఎంత వస్తుంది? ఎంతో రాదు. అయినా దాని విలువ తెలిసిన వారు ఇద్దరున్నారు: ఇచ్చిన ఆమె, పుచ్చుకొన్న ఆ ముసలాయన.