బ్యాంకు బాకీ తీరింది... ఇంటి బాకీ మిగిలింది

హోమ్ లోన్ ఆఖరి కిస్తీ కట్టేశాక నెలనెలా చేతిలో మిగిలే డబ్బు పెద్దదే. దానికి ఒక దారి చూపించకపోతే ఏడాది తిరిగేలోగా ఎటు పోయిందో కూడా తెలియదు. అందులో కొంత దాచుకోవాలి, కొంత ఇంటికి పెట్టాలి. ఇన్నేళ్లూ వాయిదా వేసుకున్న సంతోషాలకూ కొంత తప్పకుండా ఖర్చు చేయాలి.

జీతం పడిన ఒకటి రెండు రోజులకే ఫోన్‌కి ఇంకో మెసేజ్ వచ్చేది, ఖాతాలోంచి కిస్తీ కోసుకున్నామని. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో ప్రతి నిర్ణయం వెనకా ఆ మెసేజే ఉంది. పండక్కి ఎంతలో బట్టలు తీసుకోవాలి, పిల్లాణ్ని ఏ కాలేజీలో చేర్చాలి, వేసవి సెలవులకు అమ్మమ్మగారి ఊరు కాకుండా ఇంకెక్కడికైనా వెళ్లగలమా... అన్నిటికీ జవాబు కిస్తీ పోగా మిగిలినదాన్ని బట్టే.

ఒక నెల ఆ మెసేజ్ రాదు.

ఆరోజు ఇంట్లో పాయసం వండుతారు, దేవుడికి కొబ్బరికాయ కొడతారు. అసలు ప్రశ్న ఆ మర్నాటి నుంచి మొదలవుతుంది. ఇక నుంచి నెలనెలా మిగిలే ఈ డబ్బుని ఏం చేయాలి?

ఇరవై ఏళ్ల లెక్క

30 లక్షల రూపాయల అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుందాం. నెలకు కిస్తీ దాదాపు 26 వేలు. వడ్డీ రేటు మారకపోతే మొత్తం కట్టేది 62 లక్షల 48 వేలు. అంటే అసలు కన్నా వడ్డీయే ఎక్కువ. మొదటి ఏడాది 3 లక్షల 12 వేలు కడితే అందులో అసలుకు జమయ్యేది 60 వేల లోపే. చివరి ఏడాదికి వచ్చేసరికి అంతే మొత్తంలో వడ్డీ 14 వేలు కూడా ఉండదు.

పైగా వడ్డీ ఎప్పుడూ ఒక్కచోట నిలవదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకూ రిజర్వు బ్యాంకు రెపో రేటుని 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచుకుంటూ పోయింది. ఫ్లోటింగ్ రేటు మీద అప్పు తీసుకున్నవాళ్లలో చాలామందికి కిస్తీ అలాగే ఉండి గడువు ఏళ్ల కొద్దీ సాగిపోయింది. కిస్తీ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్నది అప్పు తీసుకున్నవాళ్లే తేల్చుకునే అవకాశం ఇవ్వాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించాల్సి వచ్చింది. బోనస్ వచ్చినప్పుడల్లా, ఊళ్లో పొలం కౌలు డబ్బు చేతికందినప్పుడల్లా కాస్తకాస్త అసలుకు జమ చేసి గడువుకు ముందే బయటపడ్డ కుటుంబాలూ ఉన్నాయి. వ్యక్తులు ఫ్లోటింగ్ రేటు మీద తీసుకున్న గృహరుణాన్ని ముందే తీర్చేస్తే బ్యాంకులు దానికి రుసుము వసూలు చేయకూడదన్న నిబంధన 2012 నుంచీ ఉంది.

ఇంత ఓర్పుతో ఆ ఇల్లు సంపాదించిన క్రమశిక్షణ ఉంది చూశారూ, అప్పు తీరాక కుటుంబానికి మిగిలే పెద్ద ఆస్తి అదే. ఇరవై ఏళ్లపాటు నెల మొదట్లోనే 26 వేలు పక్కకు తీసి, మిగిలినదాంతో బతకడం ఆ ఇంటికి అలవాటైపోయింది. ఆ అలవాటు చెదరకముందే డబ్బుకి కొత్త దారి చూపించాలి.

ముందు కాగితాలు ఇంటికి రావాలి

అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా అసలు దస్తావేజులన్నీ తిరిగి ఇచ్చేయాలని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఆదేశించింది. ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. సేల్ డీడ్ ఒక్కటే కాదు, అప్పు తీసుకునేటప్పుడు ఇచ్చిన లింకు డాక్యుమెంట్లన్నీ జాబితాతో సరిచూసుకుని తీసుకోవాలి. నో డ్యూ సర్టిఫికెట్ అడగాలి. ఖాతా మీద ఇచ్చిన ఆటో డెబిట్ అనుమతిని రద్దు చేయించాలి.

చాలామంది వదిలేసేది ఇంకొకటుంది. తనఖా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదై ఉంటే, అప్పు తీరినట్టు విడుదల పత్రం కూడా అక్కడే రిజిస్టరు చేయించాలి. లేకపోతే ఈసీ తీసిన ప్రతిసారీ పాత తనఖా కనిపిస్తూనే ఉంటుంది. పదేళ్ల తర్వాత పిల్లలు ఆ ఇల్లు అమ్మబోయినప్పుడు తెలిస్తే, అప్పటికి ఆ బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసిపోయి ఉండొచ్చు. సిబిల్ నివేదికలో ఖాతా మూసేసినట్టు నమోదైందో లేదో కూడా ఒకటి రెండు నెలలాగి చూసుకోవాలి.

ఇంట్లోవాళ్లకున్న బాకీ

ఇల్లు ఒక్క బ్యాంకు డబ్బుతోనే రాదు. 30 లక్షల లోపు అప్పుకైతే ఇంటి విలువలో గరిష్ఠంగా 90 శాతం వరకూ, అంతకు మించితే ఇంకా తక్కువే బ్యాంకులు ఇస్తాయి. మిగతాది, దాని మీద రిజిస్ట్రేషన్ ఖర్చులు, చేతి నుంచి పెట్టుకోవాల్సిందే. స్టాంపు డ్యూటీ, ఇతర రుసుములు కలిపి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దాదాపు 7.5 శాతం అవుతాయి.

ఆ చేతి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? భార్య పెళ్లినాటి గాజుల నుంచి. పీఎఫ్‌లోంచి తీసుకున్న అడ్వాన్సు నుంచి. నాన్న అమ్మిన అరెకరం నుంచి. అక్క వడ్డీ లేకుండా ఇచ్చిన రెండు లక్షల నుంచి. ఆ తర్వాత కిస్తీలు కట్టిన ఏళ్లలో అమ్మ కంటి ఆపరేషన్ వెనక్కి జరిగింది. డాక్టరు రాసిన పరీక్షలు వచ్చే నెల చేయించుకుందామంటూ ఎన్నో నెలలు గడిచాయి. కూతురి సంగీతం క్లాసులు సగంలో ఆగిపోయాయి. వీటిలో ఏదీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపించదు. అందుకే అప్పు తీరిన ఇంట్లో భార్యాభర్తలు మొదట చేయాల్సిన పని, కూర్చుని ఈ రెండో జాబితా రాసుకోవడం. ఎవరు ఏం వదులుకున్నారో పేరుపేరునా రాసుకోవాలి. పొదుపైనా, సరదా అయినా ఆ జాబితాలోంచే మొదలవ్వాలి.

బంగారం సంగతే చూడండి. 2025లో పది గ్రాముల ధర లక్ష రూపాయలు దాటింది. ఇరవై ఏళ్ల కిందట అమ్మిన గాజుల్ని అదే బరువుతో ఒక్కసారిగా తిరిగి చేయించడం ఇప్పుడు చాలా ఇళ్లలో కాని పని. ఏడాదికి కొంత చొప్పునైనా ఆవిడ పేరిట బంగారంగానో, ఆవిడ ఖాతాలో డిపాజిట్‌గానో జమ చేయడం మాత్రం కుదిరే పనే. అది ఆవిడకు ఇచ్చే బహుమతి అనుకోకూడదు. అది తిరిగి చెల్లింపు.

26 వేలకు నాలుగు పద్దులు

ప్రతి ఇంటి లెక్కా వేరే అయినా, 26 వేల కిస్తీ తీరిన కుటుంబం దాన్ని ఇలా పంచుకోవచ్చు: దీర్ఘకాల పొదుపుకు 10 వేలు, ఆరోగ్యానికీ అత్యవసరానికీ 6 వేలు, ఇంటి మరమ్మతులకూ బీమాకూ 5 వేలు, సంతోషానికి 5 వేలు. జీతం పడిన రోజునే, ఇన్నాళ్లూ కిస్తీ పోయినట్టే, ఈ నాలుగూ వేర్వేరు ఖాతాల్లోకి వాటంతటవే వెళ్లిపోయేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకోవాలి.

నెలకు 10 వేలు, ఏడాదికి 7 శాతం రాబడితో ఐదేళ్లకు సుమారు 7 లక్షల 16 వేలు అవుతుంది. పదేళ్లకైతే 17 లక్షల 30 వేలు. రిటైర్మెంటుకి ఎన్నేళ్లుందో చూసుకుని ఎక్కడ దాచాలో నిర్ణయించుకోవాలి. ఉద్యోగులకు స్వచ్ఛందంగా పీఎఫ్ వాటా పెంచుకోవడం తేలికైన దారి. 2024-25కి ఆ వడ్డీ 8.25 శాతం. ఇల్లు కొన్నప్పుడు ఖాళీ చేసుకున్న ఖాతా అలా మళ్లీ నిండుతుంది. పీపీఎఫ్‌లో ఏడాదికి లక్షన్నర వరకూ వేయొచ్చు. అరవై దాటినవాళ్లకు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 30 లక్షల వరకూ దాచుకునే వీలుంది, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్లయితే ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే డిపాజిట్ బీమా ఉంటుందని గుర్తుంచుకోవాలి. చీటీ వేసే అలవాటున్నవాళ్లు 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైన సంస్థలోనే వేయాలి. తెలిసినవాళ్లే కదా అని వీధిలో వేసిన చీటీ మునిగితే దిక్కుండదు.

ఆరోగ్య బీమా విషయంలో ఆలస్యం పనికిరాదు. కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీ సాధారణంగా ఉద్యోగంతోనే ముగిసిపోతుంది. సొంత పాలసీ తీసుకుంటే అప్పటికే ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకూ వేచి ఉండాల్సి రావచ్చు. కాబట్టి రిటైరవ్వడానికి మూడు నాలుగేళ్ల ముందే అది చేతిలో ఉండాలి. వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా పాలసీల ప్రీమియం మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ లేదు.

ఇంటికి కూడా బీమా కావాలి. అప్పుతోపాటు తీసుకున్న పాలసీ దాంతోనే ముగిసిపోయి ఉంటే ఇంటికి ఇక రక్షణ లేనట్టే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేసింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. ఫ్రిజ్జులు, మంచాలు, పిల్లల సర్టిఫికెట్లు బురదపాలయ్యాయి. 2021 ఏప్రిల్ నుంచి అందుబాటులో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీ అగ్నిప్రమాదంతోపాటు తుపాను, వరద, భూకంపం నష్టాలకూ వర్తిస్తుంది. ఇంట్లో సామానుకీ కొంత మేర రక్షణ అందులోనే ఉంటుంది. బీమా మొత్తాన్ని స్థలం ధర కలపకుండా, ఇల్లు మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చు మీద లెక్కించాలి.

పన్ను సంగతీ ఒకసారి చూసుకోవాలి. పాత పద్ధతిలో ఇంటి అప్పు వడ్డీ మీద 2 లక్షల వరకూ వచ్చే మినహాయింపు ఇక ఉండదు. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల 75 వేల వరకూ జీతమున్నవారికి పన్ను పడదు కాబట్టి, రెండూ పోల్చి చూసుకున్నాకే ఎంచుకోవడం మంచిది.

మళ్లీ అప్పు పిలుస్తుంది

అప్పు సక్రమంగా తీర్చినవాళ్ల కోసం కొత్త అప్పులు వెతుక్కుంటూ వస్తాయి. ఇంటి మీద ఇంకో లోను, పెద్ద కారు, ఊరి చివర ప్లాటు... కిస్తీ కట్టే అలవాటు ఎలాగూ ఉంది కదా అనే మాట తియ్యగానే ఉంటుంది. దేశంలో కుటుంబాల నికర ఆర్థిక పొదుపు 2022-23లో జీడీపీలో దాదాపు 5 శాతానికి పడిపోయింది. కొన్ని దశాబ్దాల్లో అదే కనిష్ఠం. అప్పులు పెరగడం దానికో ముఖ్య కారణం. యాభై అయిదేళ్ల వయసులో ఇంకో పదిహేనేళ్ల కిస్తీకి సంతకం పెట్టడమంటే, పెన్షన్‌ని ముందుగానే తనఖా పెట్టడం. పిల్లల ఇంటి లోనుకి సహ రుణగ్రహీతగా సంతకం చేసేముందు కూడా ఆగి ఆలోచించాలి. వాళ్లు కట్టలేకపోతే బాకీ మొత్తం తల్లిదండ్రుల మీదకే వస్తుంది.

సంతోషానికి కేటాయించింది దానికే

ఇరవై ఏళ్లు బిగపట్టుకుని బతికినవాళ్లకి ఖర్చు పెట్టడం కష్టంగా ఉంటుంది. హోటల్లో కూర్చున్నా మెనూలో ముందు కుడివైపు ధరల మీదికే కళ్లు వెళ్తాయి. నెలకు 5 వేలంటే ఏడాదికి 60 వేలు. మిగతా మూడు పద్దులూ సరిగ్గా నడుస్తున్నప్పుడు ఈ డబ్బు ఖర్చయిందని బాధపడాల్సిన అవసరం లేదు. ఏడాది చివర్లో మిగిలిపోయిందని దీన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసేయకూడదు కూడా. మిగిలిందంటే ఆ ఇంట్లో ఎవరి కోరికో ఇంకా వాయిదా పడుతోందన్నమాట.

దీన్ని ఎవరి కోసం ఖర్చు పెట్టాలన్నది వంతులవారీగా ఉంటే బాగుంటుంది. ఒక ఏడాది అమ్మానాన్నల కాశీయాత్ర. తర్వాతి ఏడాది భార్య ఎప్పటి నుంచో అడుగుతున్న అరకు, కొండల మధ్య అద్దాల బోగీలో. ఆ మరుసటి ఏడాది సగంలో ఆగిన సంగీతం క్లాసులు. కూతురికి ఇప్పుడు పాతికేళ్లొచ్చినా సరే. ఎవరి వంతన్నది ఉగాదికల్లా తేల్చుకుంటే సెలవులు పెట్టుకోవడానికి, డబ్బు సిద్ధం చేసుకోవడానికి వ్యవధి ఉంటుంది. రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు మొదలవుతుంది. సీనియర్ సిటిజన్ల రాయితీని 2020 మార్చిలో ఆపేశారు కాబట్టి పెద్దవాళ్లకూ పూర్తి ఛార్జీయే లెక్కవేసుకోవాలి. కాశీ వెళ్లే పెద్దలకు కింది బెర్తులు దొరకాలంటే, బుకింగ్ తెరిచిన రోజు పొద్దున్నే ఇంట్లో ఒకరు ఫోన్ పట్టుకుని కూర్చోవాలి.