పిల్లల చేతి ఫోను — తల్లులెఱుగవలసిన సంగతి

14 ఏండ్ల పిల్లకు ఫోను నీయవచ్చునా, కూడదా యని సోదరీమణులు మమ్ము తఱచుగా నడుగుచుందురు. ఆ ప్రశ్నకు కాలము గడచినది. పాఠములు సైతము వాట్సాపులో వచ్చుచున్నవి. సొంత ఫోను లేని పిల్లకు తల్లిదో, అన్నదో దొరకుచునే యున్నది. కావున నిచ్చిన పిదప రాగల యొక యాపదనుగూర్చి ముచ్చటింతుము.

ఆ మోసము సాధారణముగా నిట్లు నడచును. ఇన్‌స్టాగ్రాములో ఈడైన పిల్ల ఫొటో పెట్టుకొని యెవరో స్నేహము కోరుదురు. తోడి విద్యార్థులు కొందఱప్పటికే ఆ ఖాతాతో చేరియుందురు గనుక మన పిల్లవానికి అనుమానము పుట్టదు. కొన్నినాళ్లు చదువుల మాటలు, సినిమాల మాటలు. పిమ్మట సంభాషణ టెలిగ్రామునకో వాట్సాపునకో మాఱును. అవతలివారు ముందుగా నొక ఫొటో పంపి, బదులుగా నట్టిదే యొకటి యడుగుదురు. అది చేరిన మఱుక్షణమున మాట తీరు మాఱును. డబ్బు పంపుము, లేనిచో నీ ఫొటో నీ తల్లిదండ్రులకును నీ తరగతివారికిని చేరునని బెదరింపు మొదలగును. ఆడపిల్లలే యిందు పడుదురని తలంపరాదు; డబ్బు గుంజువారు మగపిల్లలనే యెక్కువగా వెదకుదురు. పిల్ల యేమియు పంపకున్నను, పండుగనాటి మామూలు ఫొటోను కృత్రిమ మేధచే నగ్నచిత్రముగ మార్చి బెదరించుటయు నిప్పుడు జరుగుచున్నది.

ఈ బెదరింపునకు బలమెక్కడిది? ఆ దుర్మార్గుడు తఱచుగా ఏ దూరదేశముననో యుండును. మన వీథి వాడెఱుగడు. మన బిడ్డకు మనయెడ గల భయమే వాని యాయుధము. అమ్మ చంపును, నాన్న చదువు మాన్పించునని బిడ్డ తలంచినంతకాలము వాడడిగినదెల్ల చేయుచుండును. పరువు, పరువు అని దినమునకు పదిమాఱులు మనమే యనుచుందుము. ఆ మాట వినుచు పెరిగిన పిల్ల ఆపదనాడు మనచెంత కెట్లు వచ్చును?

కనుక ముందుగనే, అన్నము వడ్డించునపుడో జడ వేయునపుడో, ఒకమాట చెప్పియుంచవలయును: "ఎవరైన బెదరించినచో, నీవేమి చేసియున్నను, మొదట నాతో చెప్పుము. తిట్టను, ఫోను లాగికొనను." చెప్పిన మాట నిలుపుకొనుటయే కష్టము. చిన్న తప్పునకెల్ల ఫోనును బీరువాలో పెట్టి తాళము వేయు తల్లికి పెద్ద సంగతి తెలియుట దుర్లభము. తండ్రిగారికిని ఈ సంగతి ముందే నచ్చజెప్పుట మేలు.

ఖాతాల విషయమున నొక్కటి చూచుకొనుడు. ఇన్‌స్టాగ్రామువారు 2024 లో 18 ఏండ్లలోపువారికి ప్రత్యేక ఖాతాల నేర్పఱచిరి. అపరిచితుల సందేశములు వానికి రాకుండ నడ్డుగలదు. కాని పిల్లలు పుట్టిన సంవత్సరమును మార్చి వ్రాసికొన్నచో ఆ యడ్డు పనిచేయదు.

బిడ్డ వచ్చి చెప్పిననాడు డబ్బు పంపవలదు. ఒకమాఱు ముట్టినచో వాడు మఱల నడుగును. కోపముతో సంభాషణను తుడిచివేయవలదు. ఖాతాపేరును, బెదరింపులను, యూపీఐ వివరమును స్క్రీన్‌షాట్లు తీసి యుంచి, పిదప వానిని బ్లాకు చేయుడు. సాక్ష్యమను పేర బిడ్డ ఫొటోను బంధువులకు పంపుట మాత్రము కూడదు; 18 ఏండ్లలోపువారి యట్టి చిత్రమును పంచుట సమాచార సాంకేతిక చట్టము 67బి సెక్షను క్రింద నేరము. డబ్బు పోయియున్నచో ఆలసింపక 1930 కు ఫోను చేయవలయును. జాతీయ సైబరు నేరముల ఫిర్యాదు వెబ్‌సైటులో, స్త్రీలకు బిడ్డలకు సంబంధించిన ఫిర్యాదును పేరు చెప్పకయు నీయవచ్చును. బిడ్డల సహాయమునకు 1098 గలదు. అమెరికాలోని యొక బాలల రక్షణ సంస్థ నడపు 'టేక్ ఇట్ డౌన్' అను సేవ మన దేశమువారికిని ఉచితము. అందు ఫొటో మన ఫోను దాటిపోదు. దాని గుర్తుగా నొక సంఖ్య మాత్రమే పోవును. ఆ సేవలో చేరిన సంస్థలు దానినిబట్టి చిత్రమును పట్టి తొలగించును. వాట్సాపు సందేశములలో తిరుగుదానిని మాత్రము అది పట్టజాలదు.

పోలీసు స్టేషను మెట్లెక్కవలసివచ్చునేమో యని పెక్కురు తల్లులు వెనుదీయుదురు. 2012 నాటి పోక్సో చట్టము ఆడపిల్లలకును మగపిల్లలకును సమానముగ వర్తించును. దానినిబట్టి బిడ్డ వాఙ్మూలమును ఇంటివద్దనే తీసికొనవచ్చును. అధికారి యూనిఫారము ధరింపరాదు. తల్లిదండ్రులు దగ్గఱ నుండవచ్చును. బిడ్డను రాత్రివేళ స్టేషనులో నుంచరాదు. పత్రికలు పేరు ప్రకటింపరాదు. ఈ నియమములు తెలిసి వెళ్లిన తల్లికి మాట తడబడదు.

ఫిర్యాదు చేసినంతలో బిడ్డ మనసు కుదుటపడునని యెంచకుడు. ఇట్టి బెదరింపులకు తాళలేక ప్రాణము తీసికొన్న పిల్లలు పలుదేశములలో గలరు. ఆ రాత్రి దానిని ఒంటరిగ విడువక ప్రక్కనే పరుండుడు. ప్రశ్నలు తెల్లవాఱిన పిమ్మట నడుగవచ్చును.